ఓరుగల్లు పతనం రాస్తున్న బిడ్డకు

హనుమకొండ

బిడ్డా,

నీ నవల రాతప్రతి పూర్తిగా చదివాను. కొన్ని అధ్యాయాలు వెనక్కి తిప్పి మళ్లీ చదివాను. నీకు వాక్యం మీద పట్టు ఉంది. మట్టికోట మీద కాపలా తిరిగే సైనికుడికి శత్రు శిబిరంలోంచి గుర్రాల సకిలింపు వినిపించడం, ఆ చప్పుడుకు అతను ఇంటి దగ్గర వదిలివచ్చిన ఎడ్లను తలుచుకోవడం ఒకరు నేర్పితే వచ్చేవి కావు. మన వరంగల్ పిల్లల్లో ఒకరు ఓరుగల్లు మీద పెద్ద నవల రాయాలని చాలాకాలంగా ఎదురుచూస్తున్నాను. అందుకే మెచ్చుకోలు ఇక్కడ ఆపి, అసలు చెప్పవలసింది చెబుతాను.

కథంతా ఒక ద్రోహి మీద నిలబెట్టావు. అర్ధరాత్రి ఒక నాయకుడు కోట తలుపు తీస్తాడు, తెల్లారేసరికి సామ్రాజ్యం లేదు. ఆ ద్రోహిని తీసెయ్యి. అతను ఉన్నంతకాలం నీ పాఠకుడు సుఖంగా ఉంటాడు. ఆ ఒక్క దుర్మార్గుడు లేకపోతే మనమే గెలిచేవాళ్లమని అనుకుని పుస్తకం మూసేస్తాడు. 1163లో స్వతంత్రం ప్రకటించుకుని 1323 దాకా నిలిచిన కాకతీయ రాజ్యం ఒక తలుపు గడియ మీద ఆధారపడి లేదు. అది దేని మీద నిలబడిందో ముందు రాయి. ఎలా పడిందో అందులోంచే వస్తుంది.

మొదటి నుంచి చూడు. కాకతీయులు రాజులుగా పుట్టలేదు. రాష్ట్రకూటుల కొలువులో సేనానులు. 956 నాటి మాంగల్లు శాసనంలో కాకర్త్య గుండ్యన పేరు కనిపిస్తుంది. అదే రాష్ట్రకూటుల నీడలో మన ఉత్తర తెలంగాణలోనే మరో వంశం, వేములవాడ చాళుక్యులు, అంతకన్నా గొప్పగా వెలిగింది. పంప మహాకవి వాళ్ల ఆస్థానంలో ఉన్నాడు. అతని తమ్ముడు జినవల్లభుడు వేయించిన శాసనం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద ఉంది, అందులో తెలుగు కందపద్యాలు ఉన్నాయి. 973లో రాష్ట్రకూటులు కూలారు. వాళ్లతో పాటే వేములవాడ వంశమూ వెళ్లిపోయింది. కాకతీయులు మాత్రం కల్యాణి చాళుక్యుల పంచన చేరి మిగిలారు. అలా మిగలడంలో ఒక స్త్రీ చెయ్యి ఉంది. చిన్నవాడైన బేతరాజు తరఫున విరియాల కామసాని చక్రవర్తిని కలిసి అతన్ని నిలబెట్టిందని గూడూరు శాసనం చెబుతుంది. నీ నవలలో రుద్రమ తప్ప మాట్లాడే స్త్రీ లేదు. కామసానికి కనీసం ఒక జ్ఞాపకంగానైనా చోటు ఇవ్వు.

వేయిస్తంభాల గుడి శాసనం చదివి వాడుకున్నావు, సంతోషం. కాని అందులో ప్రతి మాటనూ నమ్మేశావు. కాకతీయ రాజు రుద్రదేవుడి భయంతో కల్యాణి చాళుక్య చక్రవర్తి తైలపుడు అతిసారం పట్టి చనిపోయాడని కూడా ఆ శాసనమే అంటుంది! కవి అచింతేంద్రుడు తన రాజును పొగడడానికి కూర్చున్నాడు, పొగిడాడు. ప్రశస్తి చదివేటప్పుడు పొగడ్తను పక్కకు జరిపి, రాజు దేనికి పొగిడించుకుంటున్నాడో చూడు. పైన ఏ చక్రవర్తి పేరూ లేకుండా తన విజయాలు తన పేరు మీదే చెక్కించుకున్నాడు. 1163లో హనుమకొండలో వార్త అదీ.

ఇప్పుడు నవలకు ఆయువుపట్టు అనదగ్గ చోటుకు వస్తాను. 1199 ప్రాంతంలో జరిగినదాన్నీ 1323లో జరిగినదాన్నీ పక్కపక్కన పెట్టు. మొదటిసారి దేవగిరి యాదవులతో యుద్ధంలో కాకతీయ రాజు మహాదేవుడు చనిపోయాడు, కొడుకు గణపతిదేవుడు శత్రువు చేతికి చిక్కాడు. సింహాసనం ఖాళీ. అలాంటి సమయంలో సేనాని రేచర్ల రుద్రుడు రాజ్యం చేజారకుండా పట్టుకున్నాడు. గణపతిదేవుడు విడుదలై వచ్చి 1262 దాకా ఏలాడు. కాకతీయుల్లో అంతకాలం, అంత విస్తారంగా ఏలినవాడు లేడు. 1323లోనూ రాజు, ప్రతాపరుద్రుడు, పట్టుబడ్డాడు. ఈసారి రాజ్యం మిగలలేదు. ఎందుకు? నీ నవల మొత్తం ఈ ప్రశ్నకు జవాబు కావాలి.

దేవగిరి రాజుకు కావలసింది తన మాట వినే ఓరుగల్లు రాజు. అందుకే గణపతిని వదిలిపెట్టాడు. అల్లావుద్దీన్ ఖిల్జీకి కావలసింది ధనం, ఏనుగులు, గుర్రాలు. 1310లో అతని సేనాని మాలిక్ కాఫూర్ ముట్టడి అలాగే ముగిసింది. ప్రతాపరుద్రుడు కప్పం ఒప్పుకున్నాడు, దండు వెళ్లిపోయింది. ఢిల్లీ గద్దె మీదికి తుగ్లకులు వచ్చాక లెక్క మారింది. వాళ్లకు కప్పం కట్టే రాజు అక్కర్లేదు, నేల కావాలి. ఓరుగల్లును సుల్తాన్‌పూర్ చేసి తమ అధికారిని కూర్చోబెట్టారు. కోటలోని మనుషుల వీరత్వం 1310కీ 1323కీ నడుమ తగ్గలేదు. కోట బయట ఉన్నవాడి ఉద్దేశం మారింది. ఇది నాటకీయంగా ఉండదని నీకు అనిపించవచ్చు. కాని పాత శత్రువే మళ్లీ వచ్చాడనుకుని, పాత పద్ధతిలోనే రాయబారం పంపబోయే రాజును ఊహించు. ఆ సన్నివేశం ముందు నీ అర్ధరాత్రి తలుపు ఏపాటిది?

దేవగిరి ఇంకో కారణం. ఒకప్పుడు అది ఓరుగల్లుకు పగవాడి ఊరు, కాని ఢిల్లీకీ మనకూ నడుమ అడ్డుగా ఉండేది. 1318 నాటికి యాదవ వంశం ముగిసింది. అప్పటినుంచి ఢిల్లీ సైన్యానికి పొరుగునే దండు దిగే చోటు, గుర్రాలకు దాణా, అలసిన మనుషులకు విశ్రాంతి దొరికాయి. 1321లో తుగ్లక్ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ నెలల తరబడి ముట్టడించాడు. ఢిల్లీలో సుల్తాను చనిపోయాడన్న పుకారు శిబిరంలో పుట్టి సైన్యం చెదిరింది. అప్పుడు అతను వెనక్కి తగ్గి చేరింది దేవగిరికే. అక్కడ కోలుకుని, బీదర్, బోధన్ పట్టుకుని, 1323లో మళ్లీ మన గోడల ముందు నిలబడ్డాడు. 1303లో బెంగాల్ వైపు నుంచి వచ్చిన మొదటి దండుకు ఇలాంటి ఆసరా లేదు, ఓడిపోయి వెళ్లింది.

నీ నవలలో శత్రువు ఆకాశంలోంచి ఊడిపడ్డట్టు ఓరుగల్లు ముందు ప్రత్యక్షమవుతాడు. అతను నడిచివచ్చిన దారి రాయి. కాఫూర్ దండు సిర్పూర్ కోటను పడగొట్టాకే ఇటు వచ్చింది. ఆ సిర్పూర్ మనుషులకు, 1323 నాటి బోధన్ మనుషులకు ఓరుగల్లు ఎంత దూరం? రాజు సాయం పంపుతాడని వాళ్లు ఏ వైపు చూశారు? రాజధాని కథ రాసేవాళ్లు ఎప్పుడూ మరిచిపోయేది ఈ అంచు ఊళ్లనే. సామ్రాజ్యం ముందు అక్కడే తెగుతుంది. అదే కాలంలో, 1316లో, ప్రతాపరుద్రుడి సేనాని ముప్పిడి నాయకుడు కంచి పట్టుకున్నాడని కూడా మరవకు. ఉత్తరాన కప్పం కడుతూనే దక్షిణాన గెలుస్తున్న రాజ్యం అది. చావుకు సిద్ధమవుతున్న రాజ్యంలా రాశావు నువ్వు, మొదటి పేజీనుంచే అందరి ముఖాల్లో దుఃఖం పెట్టావు. వాళ్లకు 1323 తెలియదు కదా!

రాజ్యం దేని మీద నిలబడిందంటే, నా జవాబు చెరువు. రామప్ప గుడి గురించి రాసేవాళ్లంతా నీటిలో తేలే ఇటుకలు, ఇసుక నింపిన పునాది, మదనికలనే స్త్రీ శిల్పాల నగలు రాస్తారు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక మరీ ఎక్కువైంది. రాయవద్దనను, ఆ గుడి అందుకు తగినదే. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. ఇందాక చెప్పిన రుద్రుడే, రాజు బందీగా ఉన్నప్పుడు రాజ్యాన్ని కాపాడినవాడు. కాని గుడి నుంచి ఇవతలికి వచ్చి రామప్ప చెరువు కట్ట మీద నిలబడు. గుట్టల నడుమ పల్లం చూసి, వాగుకు అడ్డంగా కట్ట వేసి, తూము పెట్టి, అలుగు ఎటు పొర్లాలో నిర్ణయించిన బుద్ధి ఆ గుడి కట్టిన బుద్ధే. మన నేల ఏటవాలు నేల, వాగులు వానాకాలం పారి ఎండిపోయేవి. ఆ నాలుగు నెలల నీళ్లను ఏడాది పొడవునా దాచుకోగలిగినవాడే ఇక్కడ వరి పండించాడు. వరి పండితే పన్ను, పన్ను వస్తే గుర్రాలు, గుర్రాలుంటే రాజ్యం.

ఇంకా ముఖ్యం, ఈ చెరువులు రాజు ఒక్కడి పని కాదు. పాకాల చెరువు కట్టించింది గణపతిదేవుడి కాలంలో మంత్రి బయ్యన నాయకుడి కొడుకు జగదల ముమ్మడి. బయ్యారంలో ధర్మకీర్తి సముద్రం తవ్వించింది గణపతి చెల్లెలు మైలాంబ. కాకతీయ వంశావళిలో మనకు చాలా భాగం తెలిసింది ఆమె చెరువు శాసనం వల్లే. నాయకులు, వ్యాపారులు, రాజబంధువులు ఎవరి శక్తి కొద్దీ వాళ్లు కట్టించారు. కట్టించి కాపాడేవాడికి ఆయకట్టులో పదో వంతు దశబంధంగా దక్కేది. పుణ్యమూ ఉంది, ఆదాయమూ ఉంది. ఆ రెండూ కలిసిన చోటే పని ఏళ్ల తరబడి సాగుతుంది. నీ నవలలో రాజు ఉన్నాడు, సైనికుడు ఉన్నాడు, నర్తకి ఉంది. తూము తెరిచే మనిషి లేడు. కట్టకు గండి పడితే అర్ధరాత్రి ఊరిని లేపేవాడు లేడు. నీకు అర్ధరాత్రే కావాలంటే అక్కడ ఉంది.

మోటుపల్లి రేవు గురించి నువ్వు రాసిన రెండు పేజీలు బాగున్నాయి, ఎక్కువ మార్చవద్దు. 1244 నాటి అభయ శాసనంలో తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాత రాజులు లాక్కునేవారని, తాను మాత్రం నిర్ణయించిన సుంకమే తీసుకుంటానని గణపతిదేవుడు చెప్పిన మాట చేర్చు. ప్రాణంకన్నా ధనమే ఎక్కువని సముద్రం దాటి వచ్చినవాళ్ల మీద దయతో అలా చేస్తున్నానంటాడు. రాజు నోట వ్యాపారి మనసు అంత సూటిగా పలికిన చోటు నాకు ఇంకెక్కడా కనబడలేదు.

ఒక చిన్న విషయం, కాని దీన్ని వదిలేస్తే పుస్తకం మీద నమ్మకం పోతుంది. నీ సైనికుడి తల్లి రోట్లో పచ్చిమిరపకాయల తొక్కు నూరుతుంది. ఎనుమాముల మార్కెట్‌లో గుట్టలు గుట్టలుగా ఎర్ర మిర్చి చూసి పెరిగినవాళ్లం, మిరప లేని వరంగల్ మన ఊహకు అందదు. కాని మిరప అమెరికా ఖండం నుంచి పోర్చుగీసుల ఓడల్లో మన దేశానికి వచ్చింది 1500 తర్వాతే. ఆ తల్లికి మిరియాలు ఇవ్వు, అల్లం ఇవ్వు, చింతపండు ఇవ్వు. టమాటా, మక్కజొన్న, పల్లి కూడా ఆమె ఇంట్లోంచి తీసెయ్యి. జొన్నలు, సజ్జలు, కందులు, నువ్వులు ఉండనీ.

పతనం తర్వాతి భాగాన్ని మూడు పేజీల్లో ముగించావు. నాకు అది అన్యాయంగా తోచింది. ఢిల్లీకి తీసుకుపోతుండగా ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున చనిపోయాడని విలస శాసనం చెబుతుంది. ఆ శాసనం వేయించినవాడు ముసునూరి ప్రోలయ నాయకుడు. ఆ తర్వాతి కాలంలో బ్రాహ్మణులు, రైతులు, గుళ్లు పడ్డ బాధ అందులో ఉంది. ఆ బాధను దాచకు, అలాగని దాన్ని పట్టుకుని ఇవాళ్టి మనుషుల మీద పగకు వాడకు. ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో శత్రువు పక్షం రాసినవాడే, అయినా ఉక్కు బల్లెం దిగని ఓరుగల్లు మట్టిగోడను మెచ్చుకున్నాడు. శత్రువు పొగిడిన గోడను మనం ఇంకా ప్రేమగా వర్ణించవద్దా?

నీ ద్రోహి పాత్రకు మూలం ఎవరో నాకు తెలుస్తూనే ఉంది. ఓరుగల్లు కొలువులో పెద్ద పదవిలో ఉండి, పతనం తర్వాత ఇస్లాం తీసుకుని మాలిక్ మక్బూల్ అయినవాడు. అతను తలుపు తీశాడని నువ్వు ఊహించావు. అతని అసలు జీవితం నీ ఊహకన్నా గొప్ప కథ. గెలిచినవాళ్ల తరఫున తన పాత నగరాన్నే ఏలాడు. 1336 ప్రాంతంలో ముసునూరి కాపయ నాయకుడు ఓరుగల్లును తిరిగి పట్టుకున్నప్పుడు అక్కడినుంచి తరిమివేయబడ్డాడు. చివరికి ఫిరోజ్ షా తుగ్లక్‌కు వజీరై ఢిల్లీ రాజ్యాన్నే నడిపాడు. నిజాముద్దీన్ దగ్గర ఎనిమిది పలకల సమాధి ఉంది, ఖాన్-ఇ-జహాన్ తిలంగానీ సమాధి. అంతా పోయాక కూడా పేరులో మన నేల మిగిలింది. ఇటు కాపయ నాయకుడు ఢిల్లీ మీద తిరుగుబాటులో బహమనీలకు సాయపడ్డాడు, తర్వాత ఆ బహమనీలతోనే పోరాడి గోల్కొండ వదులుకున్నాడు, 1368 ప్రాంతంలో భీమవరం దగ్గర రాచకొండ రేచర్ల వెలమల చేతిలో చనిపోయాడు. తెలుగువాడి కత్తికే. రేచర్ల అనే పేరు ఈ చరిత్రలో మొదట రాజ్యాన్ని నిలబెట్టిన చోటా వినిపిస్తుంది, ఇక్కడా వినిపిస్తుంది. ఎవరు ద్రోహి, ఎవరు వీరుడు? ఈ ఇద్దరి జీవితాలను ఎదురెదురుగా నడిపించు, తీర్పు చెప్పకు. నీ నవలకు రెండో సగం దొరుకుతుంది.

ఇక నాకు అన్నిటికన్నా బాధ కలిగించిన లోటు. మేడారం గురించి నువ్వు ఒక్క ముక్కా రాయలేదు. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి మన ఇళ్లన్నీ ఖాళీ అయి ములుగు అడవి దారి పడతాయి. మీ ఇంటివాళ్లూ వెళ్లే ఉంటారు, నిలువెత్తు బంగారమని బెల్లం తూకం వేసే ఉంటారు. ఆ గద్దెల దగ్గర చెప్పుకునే కథలో రాజు ఎవరు? ప్రతాపరుద్రుడే. కరువులో కప్పం కట్టలేమన్న కోయల మీదికి సైన్యాన్ని పంపినవాడు. సమ్మక్క భర్త పగిడిద్దరాజు, కూతుళ్లు సారలమ్మ, నాగులమ్మ పోరాడి చనిపోయారు. కొడుకు జంపన్న దూకిన సంపెంగ వాగు జంపన్న వాగైంది. దెబ్బతిన్న సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి కనబడకుండా పోయింది, అక్కడ కుంకుమ భరిణ దొరికింది.

శాసనాల్లో ఈ కథ లేదు. అందుకే వదిలేశావేమో. శాసనం వేయించుకోవడానికి రాయి, శిల్పి, కవి కావాలి. కప్పం కట్టలేనివాళ్లకు ఆ మూడూ ఎక్కడివి? వాళ్లు తమ సంగతిని పాటలో, మొక్కులో, నడకలో దాచుకున్నారు. ఈ కథను చరిత్ర అని బల్లగుద్ది చెప్పమని అనను. ఇంత పెద్ద జనం ఇంతకాలం ఒక రాజును ఇలా గుర్తుంచుకోవడాన్ని నీ నవల లెక్కలోకి తీసుకోవాలంటాను. ఢిల్లీకి కప్పం కట్టలేక నలిగిన రాజు నీ పుస్తకంలో అమరుడు. అడవి మనుషుల దగ్గర కప్పం అడిగిన రాజూ అతనే. ఆ ఇద్దరూ ఒకే మనిషిగా నీ పుస్తకంలో కూర్చోవాలి.

ఇందాక నేను చెరువును అంతగా పొగిడాను కదా, దానికి రెండో వైపూ ఇక్కడే ఉంది. రామప్ప, లక్నవరం ఉన్నది ములుగు అడవి నడుమనే. కొత్త చెరువు అంటే కొత్త ఆయకట్టు, కొత్త ఆయకట్టు అంటే నరికిన అడవి. కింద వరి మడి పచ్చబడుతుంటే పైన ఎవరి వేట, ఎవరి పోడు వెనక్కి జరిగిందో కట్ట శాసనం రాయదు. తూము తెరిచేవాడిని ఒక పాత్రగా పెట్టమన్నాను. అదే కట్ట మీద అతనికి ఎదురుగా ఒక కోయ మనిషిని నిలబెట్టు. రాజ్యం ఎలా పెరిగిందో, ఎవరికి బరువైందో వాళ్లిద్దరి మాటల్లోనే చెప్పగలవు. నర్తకి అధ్యాయం నిడివి సగం తగ్గించు, దీనికి చోటు దొరుకుతుంది.

రుద్రమ చావు ఎలా రాయాలని అడిగావు. నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం 1289 నవంబర్‌ది. కాకతి మహాదేవి, సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వాళ్ల పుణ్యం కోసం భూమి దానం ఇస్తున్నానని పువ్వుల ముమ్మడి అనే బంటు వేయించాడు. అంతే. తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడితో యుద్ధంలో పోయిందనేది చరిత్రకారుల ఊహ, బలమైన ఊహే. నువ్వు కత్తులు, రక్తం, చివరి మాటలతో పదిహేను పేజీలు రాశావు. వాటిని పక్కన పెట్టి పువ్వుల ముమ్మడిని రాసి చూడు. రాణితో పాటు తన నాయకుడు కూడా పోయాడు. అంత పెద్ద మరణానికి అతను తనకున్నదాంట్లో కొంత భూమి ఇచ్చాడు, రాయి వేయించాడు. ఆ రాయి వేయించడానికి శిల్పి దగ్గరికి వెళ్లిన రోజు చాలు నీకు.

వానలు మొదలయ్యేలోపు ఒకసారి పాకాలకు వెళ్లిరా. నీళ్లు తగ్గి ఉంటాయి, కట్ట లోపలి వైపు రాళ్ల పేర్పు కనబడుతుంది. అక్కడి రైతులతో మాట్లాడు, తూము ఎవరి వంతులో ఎప్పుడు తెరుస్తారో అడుగు. ముందు ఆ చెరువు అధ్యాయం రాసి నాకు పంపు, మిగిలిన నవల దిద్దడం తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ సార్